ఊరికి బొకే పంపుడు: మనీఆర్డర్ కాలం నుంచి ఇప్పటిదాకా

పోయిన ఎపిసోడ్‌లో మనీఆర్డర్ల గురించి మాట్లాడుకున్నం కదా. అది విన్నంక సల్మాబాద్ క్యాంపు నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. "అన్నా, పైసలు పంపుడు అందరికీ వచ్చు. మా ఇంటిదానికి పెళ్లిరోజుకు బొకే పంపాలంటే ఎట్ల? ఇక్కడ కొని కార్గోల వెయ్యాల్నా?" అని అడిగిండు. రికార్డింగ్‌లో నవ్వుకుంట రెండు ముక్కల జవాబు చెప్పి ఊకున్న. తర్వాత రూముకు పోయి పండుకుంటే నిద్ర పట్టలే. ఆ తమ్ముడు అడిగింది నవ్వే మాట కాదు. దాని వెనక పెద్ద కథ ఉంది. ఎపిసోడ్‌లో పట్టని ఆ కథ ఇక్కడ రాస్తున్న.

ముందు జవాబు. పూలు ఇక్కడి నుంచి పోవు. ఇక్కడి నుంచి పోయేది మాట, పైసలు. పూలు అక్కడివే, కట్టేటోడు అక్కడోడే, ఇంటి తలుపు కొట్టేటోడూ అక్కడోడే.

ఈ ఉపాయం ఇంటర్నెట్ వచ్చినంక పుట్టింది కాదు. 1908లో జర్మనీలో, బెర్లిన్‌లో, మాక్స్ హ్యూబ్నర్ అనే పూల వ్యాపారి దీన్ని మొదలుపెట్టిండు. దూరంగా ఉన్న చుట్టాలకు పూలు పంపాలని గిరాకీలు వస్తరు. రైల్లో పంపితే పోయేసరికి వాడిపోతయి. అందుకని వేరే ఊళ్లలో తన లెక్కనే పూలమ్మేటోళ్లతో ఒప్పందం చేసుకున్నడు. నా దగ్గర పైసలు కట్టినోని పూలు నువ్వు ఇయ్యి, నీ దగ్గర కట్టినోని పూలు నేనిస్త, లెక్క తర్వాత చూసుకుందం. ఇంతే. రెండేళ్లకు, 1910లో, అమెరికాలో కొందరు పూల వ్యాపారులు కలిసి ఇదే పని టెలిగ్రామ్ మీద చేసుడు షురూ చేసిండ్రు. వాళ్ల గుర్తు కాళ్లకు రెక్కలున్న రోమన్ల దేవుడు. 1923లో బ్రిటన్‌లో ఇంటర్‌ఫ్లోరా మొదలైంది, 1946లో ఈ సంఘాలన్నీ ప్రపంచమంతటికీ కలిపి ఒకటైనయి.

మన గల్ఫోళ్లకు ఇది కొత్తగ ఏం అనిపించదు. ఇక్కడ ఒకని చేతిల దినార్లు పెడితే అక్కడ ఇంకొకడు ఇంటికొచ్చి రూపాయలిచ్చే పద్ధతి ఎట్లుంటదో మనకు తెలుసు. నోటు సముద్రం దాటదు, నమ్మకం దాటుతది. (హవాలా చెయ్యుండ్రి అని చెప్తలేను. పైసలు బ్యాంకుల, ఎక్స్చేంజిల పంపుండ్రి. పోలిక కోసం చెప్తున్న.)

పాత టెలిగ్రామ్‌ల గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఊళ్లె టెలిగ్రామ్ వచ్చిందంటే చావుకబురే అని భయపడేటోళ్లు. కానీ శుభాకాంక్షల టెలిగ్రామ్‌లు కూడా ఉండేవి. పోస్టాఫీసుల ఒక పట్టిక ఉండేది. పెళ్లికి ఒక వాక్యం, పండుగకు ఒక వాక్యం, పరీక్ష పాసైతే ఒక వాక్యం, ఒక్కోదానికి ఒక నంబర్. తీగ మీద పోయేది నంబర్ మాత్రమే. అవతలి ఆఫీసోడు ఆ నంబర్ చూసి వాక్యం మొత్తం కాగితం మీద ఎక్కించేటోడు. బొకే కథ కూడా అచ్చం ఇదే. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రామ్ బంద్ అయింది. నంబర్ పంపే పద్ధతి మాత్రం బంద్ కాలే. వెబ్‌సైట్లో బొమ్మ కింద ఒక కోడ్ ఉంటది చూడుండ్రి, అదే.

ఇంక బహ్రెయిన్ సంగతి. ఇక్కడి నుంచి మన దేశానికి పైసలు పోవుడు మనతో మొదలు కాలే. 1884 ఆగస్టు 1న మనామాలో తెరిచిన పోస్టాఫీసు మన ఇండియా తపాలా శాఖదే. స్టాంపులు కూడా మన దేశానివే. 1933 నుంచి అవే స్టాంపుల మీద బహ్రెయిన్ అని అచ్చు కొట్టి అమ్మిండ్రు. 1932లో ఇక్కడ నూనె బావి పడ్డది, 1936లో రిఫైనరీ వచ్చింది, పనికి మన దేశపోళ్లు వచ్చిండ్రు. అప్పుడు బజార్ల నడిచింది రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు అచ్చేసింది. 1965లో దినార్ వచ్చింది, పది రూపాయలకు ఒక దినార్ చొప్పున మార్చిండ్రు. ఇప్పుడు దినార్‌కు 200 రూపాయల పైనే. ఆ కాలం మనిషి ఎవరన్న లేచొచ్చి ఎక్స్చేంజి బోర్డు చూస్తే ఏమనుకుంటడో.

అంటే పోస్టాఫీసు మనదే, స్టాంపు మనదే, రూపాయి మనదే. జీతం పైసలు ఊరికి పోయినయి. పూలు ఎందుకు పోలే? అవతలి దిక్కు అందుకునేటోడు లేడు. బెర్లిన్‌లో ఉన్నట్టు మన తాలూకా ఊళ్లల్ల బొకే కట్టే దుకాణం లేదు. అసలు బొకే అనే వస్తువే లేదు.

పూలు లేవని కాదు. మనకున్నన్ని పూలు ఎవరికి ఉన్నయి? ఒక పండుగకు పువ్వులనే దేవతగా పేర్చి ఆడేటోళ్లం. కానీ మన దగ్గర పువ్వు మూరతోటి, కిలోతోటి నడిచే వస్తువు. మల్లెలు, కనకాంబరాలు మూర లెక్క. (మూర అంటే అమ్మే ఆమె మోచెయ్యి. పొట్టి చేతులామె దగ్గర కొనొద్దని మా అక్క ఎప్పుడూ అనేది.) బంతి, చామంతి తూకం లెక్క. పువ్వు పోయే జాగలు కూడా ముందే రాసిపెట్టి ఉన్నయి: దేవునికి, ఆడోళ్ల తలకు, పెళ్లి దండకు, పాడె మీదికి. చేతిల పట్టుకొని ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చే పువ్వు మన ఊరి లెక్కల లేకుండె. హైదరాబాద్ నవాబుల ఇండ్లల్ల గుల్‌దస్తా ఉండొచ్చు, ఆ ముచ్చట వేరే.

బహ్రెయినోళ్లది కూడా మన లెక్కనే, ఇది చాలామందికి తెల్వదు. ఎండకాలంల రోడ్డు పక్కన తెల్లపూల చిన్న చిన్న దండలు అమ్ముతరు, చూసే ఉంటరు. దాన్ని రాజ్‌జీ అంటరు. అది మన మల్లెనే, ఒకటే జాతి. దాంతోపాటు మష్మూమ్ అని ఒక ఆకు కట్ట ఉంటది, తులసి జాతిది, ఘుమఘుమ వాసన. వెనకట ఇక్కడి ఆడోళ్లు ఈ రెండూ కలిపి జడల పెట్టుకునేటోళ్లు. మనామా సూక్‌ల రెండు వందల ఏండ్లు దాటిన శ్రీనాథ్‌జీ గుడి ఉంది కదా, ఆ గల్లీల పొద్దుగాల మూర మల్లెలు దొరుకుతయి. నేను కొత్తల వచ్చినప్పుడు శుక్రవారం శుక్రవారం ఆ గల్లీకి పోయేది దేవుని కోసం ఎంతో, ఆ వాసన కోసం అంత. బొకేలు మాత్రం పెద్ద షాపులల్ల, అద్దాల ఫ్రిజ్‌ల వెనక ఉంటయి. కెన్యా గులాబీలు, హాలండ్ పూలు విమానంల వస్తయి. ఒక్క కట్ట ధరకు క్యాంపుల వారం మెస్సు ఖర్చు ఎల్లిపోతది.

మన ఊళ్లకు బొకే ఎట్ల వచ్చిందంటే, ఇంటికి రాలేదు, ఆఫీసుకు వచ్చింది. కొత్త కలెక్టర్ వచ్చిండు, బొకే. మంత్రి వచ్చిండు, బొకే. జనవరి ఒకటో తారీఖు ఎమ్మెల్యే ఇంటి ముందర లైన్ల నిలబడి బొకే. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే 2017 జులైలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు చెప్పాల్సొచ్చింది: ప్రధాని వస్తే బొకేలు ఇయ్యకుండ్రి, ఒక్క పువ్వుతోటి ఖాదీ రుమాలో, పుస్తకమో ఇయ్యుండ్రి అని. కాబట్టి మన పెద్దమనుషుల మనసుల బొకే అంటే ప్రేమ కాదు, పదవి. దండ దేవునికి, బొకే సార్‌కు.

ఇండ్లకు వచ్చింది తర్వాత. 1994లో ఢిల్లీలో ఫెర్న్స్ అండ్ పెటల్స్ మొదలైంది, తర్వాత ఆన్‌లైన్ వచ్చింది, చాలా కంపెనీలు దిగినయి. కానీ జగిత్యాల, కోరుట్ల, ఆర్మూర్ లాంటి ఊళ్లల్ల కంపెనీ దుకాణం ఉండదు. మీరు ఇక్కడ ఫోన్‌ల బటన్ నొక్కితే ఆ ఆర్డర్ తిరిగి తిరిగి అక్కడి బేకరీకో, పెండ్లి డెకరేషన్ చేసేటోనికో చేరుతది. మధ్యల కంపెనీ వాటా కంపెనీ పట్టుకుంటది.

ఆ గులాబీ కూడా మన ఊరిది కాదు. మా ఊరి షాపాయనతోటి ఒకసారి అరగంట మాట్లాడిన. ఎక్కువ పూలు హోసూరు దిక్కు నుంచి, బెంగళూరు చుట్టుపక్కల నుంచి వస్తయన్నడు. ప్లాస్టిక్ పందిళ్లల్ల పెంచుతరు. మొగ్గ విచ్చకముందే కోసి, చల్లటి గదిల నీళ్లల్ల పెట్టి, ఇరవై ఇరవై కాడలు కట్టగట్టి అట్ట చుడుతరు. హైదరాబాద్‌ల గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వస్తయి. ఆ మార్కెట్ వెనకట జాంబాగ్‌ల ఉండేది. అక్కడి నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి మా ఊరు చేరుతయి. షాపాయన కాడ చివర కొద్దిగ ఏటవాలుగ కోసి బకెట్‌ల పెడతడు. బుట్ట బొకే అయితే అడుగున పచ్చ స్పాంజి పెట్టి, నీళ్లల్ల నానబెట్టి, అందుల కాడలు గుచ్చుతడు. ఆ స్పాంజి 1954ల అమెరికాల కనిపెట్టిండ్రు. చూడనీకి పువ్వు లెక్క లేకపోయినా సగం వ్యాపారం దాని మీదనే నిలబడ్డది.

అందుకే మీరు ఇక్కడ రాత్రి పదింటికి గుర్తొచ్చి ఆర్డర్ పెడితే అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. అప్పటికే బస్సు బయల్దేరి ఉంటది. రెండు రోజుల ముందు చెప్పుండ్రి. అడ్రస్‌ల ఇంటి నంబర్ కంటే "హనుమాన్ గుడి వెనక, నీళ్ల ట్యాంకు కాడ" అని రాసుడు నయం. ముహూర్తాల రోజుల, జనవరి ఒకటిన, ఫిబ్రవరి 14న ధర డబుల్ అయితది. ఎర్ర గులాబీ ఎండకాలంల రెండు రోజులు నిలవదు, చామంతి వారం ఉంటది.

ఇంక అసలు సంగతి. నేను మొదటి బొకే పంపింది మా అమ్మకు. ఆమె పుట్టినరోజు ఎవరికీ తెల్వదు. ఆధార్‌ల జనవరి 1 అని రాసిండ్రు, మన ఊళ్లల్ల సగం మంది ముసలోళ్లు ఆ రోజే పుట్టిండ్రు. సరే, అదే పుట్టినరోజనుకొని ఆర్డర్ పెట్టిన. బాపు పోయి అప్పటికి పదకొండేండ్లు. ఆ పదకొండేండ్లల్ల అమ్మ పువ్వు ముట్టలే. గాజులు, బొట్టు తీసిన్నాడే పూలు కూడా తీసిండ్రు. వాడకట్టుల బతుకమ్మ పేర్చుట్ల అమ్మ చెయ్యి పడితేనే గోపురం నిలబడుతదనేటోళ్లు. ఆమె ఇప్పుడు దూరంగ అరుగు మీద కూసుంటది. ఎవరూ కూసోమని చెప్పలే. వద్దని కూడా చెప్పలే.

దీనికి చరిత్ర ఉంది. రాజమండ్రిల వీరేశలింగం పంతులు 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం చేసిండు. మొన్న 2022 మేల మహారాష్ట్రల, కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ, భర్త పోయినామెకు గాజులు పగలగొట్టుడు, కుంకుమ తుడుసుడు బంద్ చెయ్యాలని తీర్మానం చేసింది. ఈ రెండింటి నడుమ 140 ఏండ్లు. మనం ఊరికి సిమెంటు ఇల్లు పంపినం, టీవీ పంపినం, బంగారం పంపినం. ఈ పద్ధతి జోలికి పోలే.

డెలివరీ పిలగాడు నాకు ఫోన్ చేసినప్పుడు నేను సైట్‌ల స్లాబ్ మీద ఉన్న. ఇక్కడ తొమ్మిది, అక్కడ పదకొండున్నర.

"సార్, ఆంటీ తీస్కుంటలేదు. తప్పు ఇంటికి వచ్చినవ్ అంటుంది. ఈ ఇంట్ల పూలు పెట్టుకునేటోళ్లు లేరు, పక్కింట్ల అడుగు అంటుంది."

ఫోన్ అమ్మకు ఇయ్యమన్న.

"నేనే పంపిన అమ్మా."

"ఏందిరా, నీకు తెల్వదా?"

ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. కాంక్రీట్ మిక్సర్ మోత. నోటికొచ్చింది చెప్పిన. "అవి తలల పెట్టుకునేటివి కాదమ్మా. చేతిల పట్టుకునేటివి. కలెక్టర్‌కు ఇస్తరు చూడు, అవి."

కొంచెం సేపు ఏం వినపడలే. తర్వాత, "కలెక్టర్‌కిచ్చేటియా?" అన్నది. తీసుకున్నది.

నేను అడిగింది ఇరవై ఎర్ర గులాబీలు. వచ్చినవి పన్నెండు, మిగతా జాగల పసుపు చామంతులు గుచ్చిండ్రు. షాపాయన మీద కోపమొచ్చింది గానీ అదే మంచిదైంది. గులాబీలు మూడో రోజుకు రాలినయి, చామంతులు తొమ్మిది రోజులు ఉన్నయంట. అమ్మ స్టీలు బిందెల పెట్టి రోజూ నీళ్లు మార్చింది. బాపు ఫొటో ముందర పెట్టలే, దేవుని కాడ పెట్టలే, టీవీ పక్కన పెట్టింది. ఎంతాయె అని అడిగితే సగం ధర చెప్పిన. అది కూడా ఎక్కువే అన్నది.

పక్క గల్లీ పెద్దమ్మ ఒకామె చూడనీకి వచ్చిందంట. ఆమె మొగడు కూడా గల్ఫ్‌లనే పోయిండు, పెట్టె వచ్చినప్పుడు ఊరంతా దండలు తెచ్చిండ్రు. ఆమె బిందె కాడ చానసేపు కూసొని, ఒక చామంతి అడిగి చేతిల పట్టుకొని పోయిందంట. పది రోజులకు దమ్మామ్ నుంచి ఎవరో పిలగాడు నాకు ఫోన్ చేసిండు. "అన్నా, నేను మీ పక్క గల్లీ పెద్దమ్మ కొడుకును. అమ్మకు ఎప్పుడు పంపాలె? ఆమె ఆధార్‌ల కూడా జనవరి ఒకటే ఉంది, అది అయిపాయె" అన్నడు.

ఉగాదికి పంపు తమ్మీ అని చెప్పి, షాపాయన నంబర్ ఇచ్చిన.