ఖరగ్‌పూర్ రైల్వే నివాసాలు: నీడ, గాలి, హోదా

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చరిత్రలో ఖరగ్‌పూర్‌కు విశిష్ట స్థానం ఉంది. 1887లో ఏర్పడిన ఈ కంపెనీ, పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాలలో ఇక్కడి ఎర్రమట్టి నేలపై జంక్షన్, కర్మాగారం, ఉద్యోగుల నివాసాల నిర్మాణానికి పూనుకొంది. తూర్పు తీర రైలుమార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి అనేక తెలుగు కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. నింపురా, మథురాకాటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది.

ఈ వలసను ఉపాధి దృష్టితో పరిశీలించడం పరిపాటి. నివాస దృష్టితో చూస్తే మరొక అంశం స్ఫురిస్తుంది. విద్యుత్ పంకా సామాన్యుని ఇంటికి చేరని ఆ కాలంలో వేసవి తాపాన్ని తట్టుకొనే భారమంతా కట్టడం మీదనే ఉండేది. మందపాటి ఇటుక గోడలు పగటి వేడిమిని వెంటనే లోనికి రానిచ్చేవి కావు. వసారాలు గోడలకు ఎండ తగలకుండా కాపాడేవి. ఎత్తయిన కప్పు కిందికి చేరిన వేడిగాలి వెంటిలేటర్ల గుండా వెలుపలికి పోగా, కిటికీల గుండా కొత్త గాలి ప్రవేశించేది.

అయితే ఈ సౌఖ్యం అందరికీ సమానంగా దక్కలేదు. అధికారికి విశాలమైన ఆవరణ, చెట్ల నీడ, వెడల్పాటి వసారా గల బంగళా. కార్మికునికి వరుసగా కట్టిన ఇరుకు గదులు. జీతంతో పాటు నీడా గాలీ కూడా హోదాను బట్టే లభించేవి. తాటాకు కప్పు, మట్టిగోడల ఇంట పుట్టిపెరిగిన కార్మికునికి ఇది చిన్న నష్టం కాదు.

1944లో రైల్వే ప్రభుత్వ పరమైంది. కాలక్రమాన విద్యుత్తూ వచ్చింది. కాని పంకా గాలిని కదిలించగలదే గాని ఇంటి వేడిమిని తగ్గించలేదు. స్థలం చాలక వసారాను గదిగా మార్చిన చోట, వెంటిలేటరును మూసివేసిన చోట పాత కట్టడపు మేలు కూడా పోతుంది.

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ సైతం తొలుత గోడ, కప్పు, కిటికీలనే పరిగణించడం గమనార్హం. ఖరగ్‌పూర్ కర్కాటక రేఖకు కొద్దిగా దక్షిణాన ఉన్నందున జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఎండ తాకిడి అధికంగా కప్పు మీదనే. దానికి తెల్లని సున్నపు పూత వేయడం, పడమటి గోడకు నీడ కల్పించడం, వెంటిలేటర్లు తెరవడం స్వల్ప వ్యయంతో సాధ్యమే. ఆ తరువాతనే సాధనాల ప్రసక్తి: సుమారు 75 వాట్ల పాత పంకాకు బదులు 30 వాట్ల కొత్త రకం, 60 వాట్ల బల్బుకు బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపం.

నాడు హోదాను బట్టి పంచిన చల్లదనాన్ని నేడు ప్రతి ఇంటికీ అందించడమే నిజమైన ఇంధన పొదుపు. దానికి తొలి మెట్టు ఇంటి కప్పు మీదనే ఉంది.