తెనాలి రామలింగడు: చాటువు నుంచి బుల్లితెర దాకా

తెలుగువారు రామలింగడనీ, తమిళులు తెనాలి రామన్ అనీ, హిందీవారు తెనాలీ రామా అనీ పిలుచుకునే వికటకవి కథలకు మూలగ్రంథమంటూ ఒకటి లేదు. అవి నోటినోటా పెరిగిన విడి కథలు. దేనికదే మొదలై, దేనికదే ముగుస్తుంది. అందుకే వీటిని రంగస్థలానికో తెరకో ఎక్కించాలనుకున్న ప్రతివారూ ముందుగా వీటిని గుచ్చడానికి ఒక దారం వెతుక్కోవలసి వచ్చింది.

కథల వెనక ఉన్న కవి 16వ శతాబ్దివాడు. శైవుడిగా రామలింగడై, తర్వాత వైష్ణవం స్వీకరించి రామకృష్ణుడయ్యాడని సంప్రదాయం. ఆయన రాసిన ‘ఉద్భటారాధ్య చరిత్ర’ శైవకావ్యం, ‘పాండురంగ మాహాత్మ్యం’, ‘ఘటికాచల మాహాత్మ్యం’ వైష్ణవ కావ్యాలు. ‘పాండురంగ మాహాత్మ్యం’ తెలుగు పంచకావ్యాల్లో ఒకటి. శ్రీకృష్ణదేవరాయలు ఏలినది 1509 నుంచి 1529 వరకు. రామకృష్ణుడు ఆ కొలువులోనే ఉన్నాడా, కొంత తర్వాతివాడా అన్నదానిపై సాహిత్య చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. జనం మాత్రం ఆయన్ను అష్టదిగ్గజాల్లో కూర్చోబెట్టి, రాజగురువు తాతాచార్యులతో కయ్యం పెట్టారు.

కథలన్నిటికీ మొదట నిలిచేది కాళికాదేవి వరం. గుడిలో మంత్రం జపించిన కుర్రవాడి ముందు దేవి వేయి ముఖాలతో ప్రత్యక్షమవుతుంది. వాడు భయపడకుండా పకపకా నవ్వుతాడు. ఒక్క ముక్కుకు జలుబు చేస్తేనే రెండు చేతులూ చాలడం లేదే, వేయి ముక్కులు కారితే నీ గతేమిటమ్మా అని అడుగుతాడు. దేవి ముచ్చటపడి రెండు గిన్నెలు చూపుతుంది. ఒకదానిలో విద్య, మరొకదానిలో సిరి. ఒకటే తీసుకోమంటే, రుచి చూడనిదే ఎలా చెప్పనంటూ రెండూ తాగేస్తాడు. కోపగించిన దేవి వికటకవివి కమ్మంటుంది. ‘వికటకవి’ని వెనక నుంచి చదివినా వికటకవే. ఆ శాపమే వాడికి బిరుదైంది.

తెనాలి ఈ కవికి పేరునిచ్చిన ఊరే కాక, ఆధునిక కాలంలో నాటకాల ఊరు కూడా. ఇక్కడి శ్రీరామ విలాస సభ పేరుమోసిన నాటక సమాజం. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రధారిగా ఈ సమాజంతోనే వెలుగులోకి వచ్చారు. ఆయన సత్యభామ, మధురవాణి పాత్రలు చూడటానికి జనం విరగబడేవారు. పద్యం వినగానే చమత్కారాన్ని అందుకునే ప్రేక్షకులు ఈ ప్రాంతంలో ఇలాంటి నాటకాలతోనే తయారయ్యారు.

తెలుగు సినిమా రామకృష్ణుణ్ణి 1941లోనే తెరకెక్కించింది. హెచ్.ఎం.రెడ్డి ‘తెనాలి రామకృష్ణ’ ఆ ఏడాది వచ్చింది. అదే పేరుతో 1956లో బి.ఎస్.రంగా తీసిన చిత్రం అంతకన్నా ఎక్కువగా నిలిచిపోయింది. దీనికి ఆధారం కన్నడ రచయిత సి.హెచ్.వెంకటరామయ్య నాటకం. తెలుగు మాటలు సముద్రాల రాఘవాచార్యవి. ఆయన సొంతూరు రేపల్లె ప్రాంతంలోని పెదపులివర్రు. రామకృష్ణుడిగా అక్కినేని నాగేశ్వరరావు, రాయలుగా ఎన్.టి.రామారావు, మంత్రి తిమ్మరుసుగా నాగయ్య నటించారు. విడి కథలను కలపడానికి ఈ చిత్రం పట్టుకున్న దారం గూఢచర్యం. శత్రువులు పంపిన కృష్ణసాని రాయలను తన వలలో వేసుకుంటుంది, రామకృష్ణుడు ఆమె గుట్టు బయటపెడతాడు. ఆ పాత్ర భానుమతిది. దీంతో హాస్యకథలకు రాజ్యరక్షణ తోడై, రెండున్నర గంటలకు పైగా నడిచే సినిమా అయింది. రంగాయే తమిళంలో శివాజీ గణేశన్‌తోనూ, 1982లో కన్నడంలో అనంత్ నాగ్‌తోనూ ఈ కథను మళ్లీ తీశారు.

టీవీకి అంత పొడవైన కథ అవసరం లేకపోయింది. వారానికో కథ చెప్పి ముగించవచ్చు. విడి కథలకు అది అమరిన చట్రం. 1990లో దూరదర్శన్ జాతీయ ప్రసారంలో వచ్చిన హిందీ ‘తెనాలీ రామా’కు కమలా లక్ష్మణ్ ఇంగ్లీషులో రాసిన కథలు ఆధారం. కన్నడ దర్శకుడు టి.ఎస్.నాగాభరణ తీయగా, విజయ్ కశ్యప్ రామకృష్ణుడయ్యారు. తెలుగువాడి కథ ఇంగ్లీషు, కన్నడ చేతుల మీదుగా హిందీలో దేశమంతా తిరిగింది.

ఈ ప్రయాణంలో అన్ని కథలూ సమానంగా దాటలేదు. చేతలతో నవ్వించేవి చెక్కుచెదరలేదు. దొంగలు పొదల్లో నక్కారని పసిగట్టి, నగల పెట్టె బావిలో పడేస్తున్నానని భార్యతో గట్టిగా చెప్పి రాళ్లు నింపిన పెట్టె పడేయడం, వాళ్లు తెల్లవార్లూ నీళ్లు తోడి అతని తోట తడపడం ఏ భాషలోనైనా నవ్వు పుట్టిస్తుంది. కాగే పాలకు మూతి కాల్చుకుని, పాలగిన్నె చూస్తేనే పారిపోయే పిల్లి కథా అంతే. ‘తిలకాష్ఠ మహిషబంధనం’ అనే బ్రహ్మాండమైన గ్రంథం పేరు చెప్పి పండితుణ్ణి బెదరగొట్టిన కథ సంస్కృతం పుణ్యమా అని గట్టెక్కింది. చివరికి ఆ గ్రంథం గేదెను కట్టే పలుపుతో బిగించిన నువ్వుకట్టెల మోపు. యతిప్రాసల మీద, తెలుగు పదాల విరుపు మీద నిలిచే చాటువులు మాత్రం తెలుగులోనే ఉండిపోయాయి.

యానిమేషన్‌కు కాళికతో కష్టం లేదు. నటులతో తీసేటప్పుడు వేయి ముఖాలు పెద్ద సమస్య, బొమ్మలో అది గీతల పని. 2003లో తిరువనంతపురంలోని టూంజ్ సంస్థ తీసిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ తెనాలి రామన్’ కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చింది. 2017 నుంచి 2020 వరకు సబ్ టీవీలో నడిచిన ‘తెనాలీ రామా’ది మరో దారి. అది వందల ఎపిసోడ్ల ధారావాహిక, కృష్ణ భరద్వాజ్ నాయకుడు. జానపద కథలు అన్ని రోజులకు చాలవు. కాబట్టి కొత్త చిక్కులు అల్లారు, తాతాచార్యులను నిత్య ప్రత్యర్థిగా నిలిపారు. సినిమాలో కృష్ణసాని చేసిన పని ఇక్కడ రాజగురువు చేశాడు.

కథల్లో తెనాలి, రామకృష్ణుడు బయల్దేరిన చోటు మాత్రమే, చేతలన్నీ విజయనగరంలోనే. అయినా తెర మారినప్పుడల్లా భాష, దారం, ప్రత్యర్థి మారినా అతని పేరు ముందు ఊరి పేరు మాత్రం ఎవరూ తీసేయలేదు.