నాగయ్యగారి కంఠము



శాస్త్రచర్చ విడిచి ఈ ముసలి పంతులు సినిమాలలో బడెనేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నాకు విద్య చెప్పిన గురువులును చలనచిత్ర మనినంతనే మొగము చిట్లించుకొనెడివారు. కాని మా యూరి డేరాలోనికి "పోతన" వచ్చినపుడు మాత్రము వారు సంధ్య వార్చుకొని, ఉత్తరీయము తలకు చుట్టుకొని, చీకటిలో వెనుకబల్లపై గూర్చుండిరి. మఱునాటి భాగవతపాఠమున పద్యమును మునుపటి వేగముతో చదువలేదు. పాదపాదమునకు నిలిచి చదివిరి. కారణ మడుగు ధైర్యము నాకు లేకపోయినది.

ఆ పోతనవేషధారి ఉప్పలదడియము నాగయ్యగారు. 1904 మార్చి 28న రేపల్లెలో జన్మించిరి. చిత్తూరున కచేరీ గుమాస్తాపని చేసిరి. పత్రికలకు వార్తలు వ్రాసిరి. అచ్చటి రామవిలాససభ నాటకములలో, ముఖ్యముగా సారంగధరలో చిత్రాంగి వేషమున, పేరు గాంచిరి. ఊరి పేరే యింటిపేరై నిలిచినది. చిత్రాంగిగా మెప్పించినవారే పిదప భక్తులకు రూపమైరన్న, వేషమున కంటె వెనుకనున్న వాక్కే బలీయమని తోచును.

1938లో "గృహలక్ష్మి"తో వెండితెరకు వచ్చిరి. ఆ దినములలో నటించువాడే పాడవలెను. కంఠము లేనిచో రూపమున్నను చాలదు. యుద్ధకాలమున పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమన, మువ్వురును ఆయన గొంతుతోనే పలికిరి. త్యాగయ్యకు దర్శకత్వము, సంగీతము కూడ వారివే. రాగము సాగదీసి సభను మెప్పించు నాటకపు బాణిని వారు విడిచిరి. మాట యెంతవఱకో పాట అంతవఱకే. పద్యము పాడు మన యూరి నటు లిప్పటికిని ఈ పాఠము నేర్వలేదు.

1943లో వారి రేణుకా సంస్థ తీసిన "భాగ్యలక్ష్మి"లో కమలా కోట్నిస్ నటింపగా రావు బాలసరస్వతీదేవి పాడిరి. తెర వెనుకనుండి వేఱొకరు పాడుట తెలుగున పేరు ప్రకటించి చేసినది అదే మొదలందురు. ఈ పద్ధతి ప్రబలినకొలది పాడు నటుల అవసరము తగ్గినది. తమ వృత్తికే ముప్పు తెచ్చు తలుపును నాగయ్యగారే తెఱచిరని యొకరు నాతో వాదించిరి. నే నొప్పుకొనలేదు. కంఠము లేని సమర్థురాలిని కంఠము లేదని త్రోసివేయుట న్యాయమా?

అరవముననూ వారికి చోటు దొరకినది. 1941లో అశోకచక్రవర్తి, 1945లో సుబ్బులక్ష్మిగారి మీరాకు భర్తయైన రాణా. 1950లో, ఫ్రెంచి రచయిత హ్యూగో కథనుండి పుట్టిన "బీదలపాట్లు"లో రొట్టె దొంగిలించి చెఱకుబోయిన వాడు. నాయకపాత్రలు తొలగిన పిదప తండ్రులు, ఋషులు, పాదుషాలు వచ్చిరి. 1963 "లవకుశ"లో వాల్మీకి వారే. బండ్లు గట్టుకొని పోయి చూచినవారు మీలో నుందురు.

ఆర్జించినది దానధర్మములకును, చిత్రములకును వ్యయమైనది. 1965లో పద్మశ్రీ వచ్చునాటికి చేతిలో సొమ్ము లేదు. చిన్న వేషములు కట్టి కాలము గడపిరి. వచ్చినవారికి అన్నము పెట్టుట మానలేదు. లెక్క చూచుకొనవలసినదని నా అభిప్రాయము. అట్లనుటకు నాకు సిగ్గుగానే యున్నది.

1973 డిసెంబరు 30న మదరాసులో కన్నుమూసిరి. ఆ వార్త రేడియోలో విన్న సాయంకాలము మా గురువులు పాఠము చెప్పలేదు. భాగవతము మూసి పీటపై నుంచి, అరుగుమీదికి వచ్చి కూర్చుండిరి.