శాంతి స్వరూప్ (దూరదర్శన్ వార్తాపాఠకుడు)

తెలుగున దూరదర్శన్ వార్తలను ప్రప్రథమముగా చదివిన పాఠకుడు, నవలాకారుడు. ఆంధ్రదేశమున వార్తాపఠనము తొలుత ఆకాశవాణి యొడిలో పెరిగిన విద్య. అచ్చట కంఠమే సర్వస్వము, కాగితమును చూచి చదువుట దోషము కాదు. శ్రోతకు కనబడని ఆ కాగితము దూరదర్శన్ ప్రేక్షకునికి కనబడును గనుక, ఈ విద్యకు క్రొత్త నియమ మొకటి యేర్పడినది.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమును 1977 అక్టోబరు 23న, నాటి రాష్ట్రపతియు రాయలసీమ బిడ్డయు నగు నీలం సంజీవరెడ్డి ప్రారంభించిరి. స్వరూప్ 1978లో దూరదర్శన్ కొలువున చేరిరి. కేంద్రము వెలసిన ఆరేండ్లకు, 1983 నవంబరు 14న, బాలల దినోత్సవమునాటి సాయంకాలము 7 గంటలకు, తొలి తెలుగు వార్తలను చదువు భాగ్యము ఆయనకు లభించినది.

అప్పటికి టెలిప్రాంప్టరు లేదు. వ్రాతప్రతిని ముందుగా కంఠస్థము చేసికొని, పేర్లును అంకెలును తడబడక, కెమెరా వంక చూచుచు చెప్పవలసి యుండెను. సుమారు పదేండ్లు ఆయన ఇట్లే నిర్వహించిరి. అవధాని ధారణ సభాసదుల మెప్పునకై ప్రకటింపబడును. వార్తాపాఠకుని ధారణయో, మరుగున నున్నప్పుడే సఫలము. ఉద్వేగము వార్తకే విడిచి, తాను నిశ్చలుడై యుండుట ఆయన పఠనమునకు శోభ. సహధర్మచారిణి రోజారాణియు దూరదర్శన్ వార్తాపాఠకురాలే.

హైదరాబాదు కేంద్రపు ప్రసారములకు తిరుమల యేడుకొండల పేరిట ‘సప్తగిరి’ యను నామ మేర్పడుటచే, తిరుపతి, చిత్తూరు సీమలవారికి ఆ పేరు విన్నంతనే ఇంటిమాట విన్నట్లయ్యెను. 2014లో రాష్ట్రవిభజనానంతరము ఆ నామము విజయవాడ కేంద్రమునకు చెందగా, హైదరాబాదు ప్రసారములు ‘యాదగిరి’ యైనవి. స్వరూప్ కొలువున నున్న కాలముననే 1995లో ఈటీవీయు, 2004లో టీవీ9యు, 2008లో తిరుమల తిరుపతి దేవస్థానముల భక్తి ఛానలును వెలసినవి.

స్వరూప్ 2011లో పదవీ విరమణ చేసిరి. భోపాల్ విషవాయు దుర్ఘటనపై ‘రాతిమేఘం’, క్రికెట్టుపై ‘క్రేజ్’, సతీసహగమనమును నిరసించుచు ‘అర్ధాగ్ని’ ఆయన రచించిన నవలలు. తెరపై దాచుకొనిన ఆవేదనకు ఈ రచనలలో చోటు దొరకినదని తోచును. గుండెపోటుకు గురియై, 2024 ఏప్రిల్ 5న హైదరాబాదున పరమపదించిరి.