రియూ దీవి దగ్గర దొరికిన నంబరు

1944 జులై 31 ఉదయం 8.45కి కోర్సికాలోని బోర్గో నుంచి ఒక లైట్నింగ్ విమానం లేచింది. నడిపింది ఆంత్వాన్ ద సెంటెగ్జుపెరీ, 'లిటిల్ ప్రిన్స్' రాసినాయన. వయసు 44, హోదా మేజర్. గ్రెనోబుల్, ఆన్సీ ప్రాంతాలను ఫొటోలు తీయడం పని. విమానంలో కెమెరాలే తప్ప తుపాకులు లేవు. మధ్యాహ్నం 2.30కల్లా ఇంధనం అయిపోవాలి. ఆ వేళ దాటింది, ఆయన రాలేదు.

ముందు తేదీ తేల్చుకోవాలి. తూలోన్ దగ్గర కార్కేరాన్ అఖాతంలో ఒక విమానం కూలడం చూశానని ఒక మహిళ చెప్పింది. ఆమె చెప్పిన రోజు ఆగస్టు 1, సమయం మధ్యాహ్నం. ముందురోజు మధ్యాహ్నానికే ఇంధనం అయిపోయే విమానం మర్నాడు ఆకాశంలో ఉండదు. ఈ ఆధారాన్ని వదిలేయాలి.

కొన్ని రోజులకు మార్సెయ్ దక్షిణాన సముద్రంలో, ఫ్రెంచి యూనిఫాంలో ఉన్న ఒక శవం దొరికింది. సెప్టెంబరులో కార్కేరాన్‌లో పాతిపెట్టారు. అది ఎవరిదో గుర్తుపట్టలేకపోయారు. ఆ శవం ఆయనదే అనడానికి ఆధారం లేదు, కాదనడానికీ లేదు. కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోలేం.

1998 సెప్టెంబరులో మార్సెయ్‌కు దక్షిణాన ఉన్న రియూ దీవి దగ్గర ఒక జాలరి వలలో వెండి బ్రేస్‌లెట్ పడింది. దాని మీద ఆయన పేరు, భార్య కాన్సువేలో పేరు, న్యూయార్క్‌లోని పబ్లిషర్ అడ్రస్ ఉన్నాయి. చాలామంది నకిలీదన్నారు. ఆ అనుమానం సబబే. కోర్సికా నుంచి గ్రెనోబుల్‌కు నేరుగా గీత గీస్తే నైస్‌కు తూర్పుగా పోతుంది. రియూ అక్కడికి పడమరగా 150 కిలోమీటర్లకు పైగా ఉంది. పైగా పేరు చెక్కిన వస్తువు ఎవరైనా చేయించగలరు.

2000లో ఒక డైవర్ అదే చుట్టుపక్కల లైట్నింగ్ శకలాలు చూశాడు. 2003లో కొన్నింటిని పైకి తీశారు. ఒక ముక్క మీద ఫ్యాక్టరీ వాళ్లు కొట్టిన 2734 అంకె కనిపించింది. తయారీ రికార్డుల్లో ఆ అంకెకు ఎదురుగా ఉన్న సైనిక నంబరు 42-68223, ఆ ఉదయం బోర్గో నుంచి లేచిన విమానానిది. 2004 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు. బ్రేస్‌లెట్ మీది అనుమానాలన్నిటికీ ఈ అంకె జవాబిచ్చింది. ఎక్కడ పడిందన్న ప్రశ్న ముగిసింది.

ఎలా పడింది? 2008లో ఒక మాజీ జర్మన్ పైలట్ తానే కూల్చానన్నాడు. ఆ రోజు జర్మన్ రికార్డుల్లో అలాంటి విజయం నమోదు కాలేదు. మిత్రరాజ్యాలు చాటుగా విన్న జర్మన్ రేడియో సందేశాల్లోనూ ఆ మాట లేదు. దొరికిన ముక్కల మీద తూటా గుర్తులు లేవు. అయితే దొరికింది విమానంలో చిన్న భాగమే కాబట్టి తూటాలు తగల్లేదని చెప్పలేం. ఆ పైలట్ మాట నిలబడలేదు, అంతవరకే.

ఆత్మహత్య అనేవాళ్లు ముందురోజు ఆయన రాసిన ఉత్తరాలు చూపిస్తారు. వాటిలో దిగులుంది. కానీ దిగులుగా రాసిన ఉత్తరం విమానం ఎందుకు కూలిందో చెప్పదు. రికార్డుల్లో ఉన్నది వేరు: పాత ప్రమాదాల గాయాలతో ఆయన ఫ్లయింగ్ సూట్ తనంతట తాను వేసుకోలేకపోయేవాడు, శత్రు విమానాల కోసం ఎడమవైపు తల తిప్పి చూడలేకపోయేవాడు. వయోపరిమితి దాటింది. మినహాయింపుగా ఇచ్చిన ఐదు మిషన్లూ దాటాయి. ఇవి ఆయనకున్న ప్రమాదాన్ని చూపిస్తాయి. ఆ ఉదయం ఇంజిన్ ఆగిందో, ఆక్సిజన్ అందలేదో, ఎవరైనా వెంటపడ్డారో చెప్పే ముక్క ఇంతవరకు పైకి రాలేదు.