పన్నెండు వారముల పరీక్ష

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. తెల్లకణములలో టి-కణము లనునవి, శత్రువు లేకున్నను, చర్మములో గుమికూడుటచే చర్మము ఎఱ్ఱబారి, దళసరియై, పొలుసులుగా రాలును. ఆ కణములు రక్తనాళములు దాటి చర్మమును చేరకుండ అడ్డగించుటకు అమెరికాలో ఎఫాలిజుమాబ్ అను ప్రతిరక్షకమును తయారుచేసిరి. దానిని వారమున కొకసారి సూదిమందుగా ఇచ్చెడివారు.

వ్యాధి మధ్యమముగనో, తీవ్రముగనో ఉన్న 556 మందిపై జరిపిన పరీక్ష ఫలితము 2003లో ప్రకటితమయ్యెను. ఎవరిది మందుసూదియో, ఎవరిది మందులేని సూదియో రోగికిగాని వైద్యునికిగాని తెలియనీయలేదు. 12 వారములకు వ్యాధి ముప్పాతిక వంతు తగ్గినవారు మొదటి వర్గములో నూటికి 27, రెండవ వర్గములో 4. గొప్ప ఫలితము కాదు, అయినను నిజమైనదే. ఆ యేటి అక్టోబరులో అనుమతి లభించెను.

జె.సి. అను వైరస్ చాలమంది శరీరములలో నిద్రాణమై యుండును. దానిని అదుపులో నుంచునవియు టి-కణములే. వానిని చర్మమునకు పోనీయని మందు మెదడునకు మాత్రము పోనిచ్చునా? 2009 ఫిబ్రవరి నాటికి ఈ వైరస్ మెదడును పాడుచేసినట్లు ముగ్గురు రోగులలో నిర్ధారణయయ్యెను, నాల్గవవానిపై అనుమానము. వారిలో ముగ్గురు మరణించిరి. నలుగురును మూడేండ్లకు పైగా విడువక మందు వాడినవారే! పన్నెండు వారముల పరీక్షకు మూడవ యేటి సంగతి ఎట్లు తెలియును? ఏప్రిల్‌లో తయారీదారులే మందును ఉపసంహరించుకొనిరి.