గుండె స్కానింగ్ పరీక్షలు (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి)

గుండె స్కానింగ్ అంటే గుండెను, రక్తనాళాలను బొమ్మ తీసి చూసే పరీక్ష. జబ్బు లక్షణాలు బయటపడకముందే ముప్పును అంచనా వేయడానికి కూడా దీన్ని వాడతారు. టూడీ ఎకో, మెడ ధమనుల అల్ట్రాసౌండ్, సీటీ కాల్షియం స్కోరు ఇందులో ముఖ్యమైనవి. ఈసీజీ గుండె విద్యుత్ సంకేతాలను గీతగా చూపుతుంది కనుక ఈ కోవలోకి రాదు.

పుట్టుక

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాక ఛాతీ ఫిల్ములో గుండె పరిమాణం చూడటం వీలైంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ లోహాల్లో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రంతో గుండె కదలికలను నమోదు చేశారు. ఎకోకు అదే నాంది. గుండె ధమనుల్లో పేరుకున్న కాల్షియానికి సీటీ ద్వారా స్కోరు కట్టే పద్ధతిని 1990లో అమెరికాలో అగట్‌స్టన్ బృందం ప్రకటించింది.

తెలంగాణ పల్లెల్లో పరిశోధన

1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో పౌష్టికాహార పరిశీలన జరిగింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. మిగతా 14 పోలికకు ఉన్నాయి. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్లవారిలో, గుండె జబ్బు ముప్పుకు సూచన అయిన ధమనుల బిరుసు తక్కువగా ఉందని 2008లో ఫలితాలు వెలువడ్డాయి. ఈ పరిశోధనే 'ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ'గా విస్తరించింది. తర్వాతి విడతల్లో మెడ ధమని గోడ మందాన్నీ అల్ట్రాసౌండ్‌తో కొలిచారు.

మూడు జిల్లాల్లో

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగే వరకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు చాలావరకు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివి. పెద్ద ప్రభుత్వ వైద్యానికి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రే దిక్కుగా ఉండేది. 2018లో హైదరాబాద్‌లో మొదలైన ప్రభుత్వ ఉచిత వైద్య పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2021 జూన్ 9న 19 జిల్లా కేంద్రాలకు విస్తరించింది. వాటిలో జనగామ, మహబూబాబాద్ ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో తరగతులు మహబూబాబాద్‌లో 2022 నవంబర్‌లో, జనగామ, భూపాలపల్లిలో 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమయ్యాయి.

పరిమితులు

ఎకోలో గుండె రక్తం తోడే శక్తి, కవాటాలు, గోడల మందం కనిపిస్తాయి. గుండె ధమనిలోని కొవ్వు పూడిక నేరుగా కనిపించదు. అందువల్ల ఎకో మామూలుగా ఉన్నంత మాత్రాన ముప్పు లేనట్టు కాదు. కాల్షియం స్కోరు సున్నా వచ్చినా, గట్టిపడని పూడిక ఉండే అవకాశం కొంత మిగులుతుంది. అందుకే ముప్పు అంచనా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగాకు అలవాటు, వయసుతో మొదలవుతుంది. వీటితో ముప్పు మధ్యస్థంగా తేలి, మందులు మొదలుపెట్టాలా వద్దా అన్న సందేహం మిగిలినప్పుడు కాల్షియం స్కోరు నిర్ణయానికి తోడ్పడుతుంది.